కోత పడని రోడ్డు: నిజామాబాద్ నుంచి కందకుర్తి దాకా

నాకు రోడ్లంటే కోపం. ఇంజనీరింగ్ కాలేజీలో రోడ్ల గురించే పాఠాలు చెప్పి బతుకుతున్నదాన్ని ఇలా అనకూడదు గానీ, నా నడుముకి పాఠాలతో పనిలేదు. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ ఎవరు నీళ్ల పైపు కోసం రోడ్డును అడ్డంగా కోసి, పైన ఇంత మట్టి కప్పి చేతులు దులుపుకున్నారో కళ్ల కంటే ముందు దానికే తెలుస్తుంది. మా అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో కళ్లు మూసుకుని కూర్చున్నా, కుదుపును బట్టి ఏ ఊరొచ్చిందో చెప్పేస్తాను.

అలాంటిదాన్ని నిజామాబాద్, బోధన్ వైపు వెళ్లొచ్చానంటే మా వీధివాళ్లు అక్కడేముంది చూడ్డానికి అన్నారు. రోడ్డు చూడ్డానికి వెళ్లానంటే నవ్వారు. నవ్వితే నవ్వారు లెండి. తిరుపతి వెళ్లినా కాశీ వెళ్లినా తిరిగొచ్చాక నాలుగు రోజులు నడుము పట్టీ వేసుకుని పడుకునేదాన్ని, ఈసారి మర్నాడే లేచి చేపల పులుసు పెట్టుకున్నాను. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

పని ఏమిటంటే, అక్కడ ఒక రోడ్డుకు పరీక్ష. వేసేటప్పుడు భూమికి, చెట్లకు, నీళ్లకు ఎంత తక్కువ నష్టం చేశారు, వేశాక మళ్లీ మళ్లీ తవ్వే అవసరం లేకుండా ఎంత ముందుచూపు చూపారు అని లెక్కగట్టి మార్కులు వేయాలి. బయటి జిల్లా మనిషైతే మొహమాటం ఉండదని నన్ను పిలిచారు. మొహమాటం లేని మాట నిజమే, కాలేజీలో అడిగితే ఎవరైనా చెబుతారు.

నిజామాబాద్: పసుపు గాలి

రైలు దిగగానే తుమ్ములు. పసుపు మార్కెట్‌కు వచ్చే రోజులవి. లారీలనిండా, ట్రాలీలనిండా పసుపు కొమ్ములే. ఆటో మార్కెట్ పక్కగా వెళ్తుంటే గాలి కూడా పచ్చగా ఉందనిపించింది. నా తెల్లచీర అంచు సాయంత్రానికి పెళ్లిచీర అంచైపోయింది. ఆటో అతను నా తుమ్ములు విని, కొత్తగా వచ్చినవాళ్లకు ఇంతేనమ్మా, రెండు దినాలకు అలవాటవుతుంది అని ధైర్యం చెప్పాడు. నేనున్నది మూడే దినాలని చెప్పలేదు.

ఆ రోడ్డు వేయించిన ఇంజనీరు స్వప్న బస్టాండు దగ్గర ఇరానీ హోటల్లో కలిసింది. ముప్ఫై దాటి ఉండవు. చెప్పులనిండా దుమ్ము, చేతిలో హెల్మెట్. మా వైపు టీ అంటే పని మధ్యలో గొంతులో పోసుకునేది. ఇక్కడ చాయ్ తాగడమే ఒక పని. సాసర్‌లో పోసుకుని, ఊది, ఒక మాట చెప్పి, ఒక గుక్క తాగి, మళ్లీ ఇంకో మాట. చాయ్ పదిహేను రూపాయలు, కూర్చున్నంతసేపు కూర్చోవడం ఉచితం.

ఆ చాయ్ మీదే తన రోడ్డు కథ చెప్పింది. బోధన్ దాటాక కందకుర్తి వైపు వెళ్లే దారిలో ఒక ముక్క. పాత రోడ్డు పైపొరను గీరి, ఆ ముక్కలనే మళ్లీ కలిపి వేశారు. కింద పొరలో రైస్ మిల్లుల ఊక బూడిద వాడారు. గుట్టలు తవ్వి మొరం తేవడం బాగా తగ్గింది. చెట్టు అడ్డొస్తే చెట్టును కొట్టకుండా రోడ్డునే కాస్త వంచారు. ఇంకో ముఖ్యమైన పని, పైపొర వేయకముందే రోడ్డు కింద అక్కడక్కడ అడ్డంగా ఖాళీ పైపులు పెట్టించారు. రేపు ఏ రైతైనా ఇటు బోరు నీళ్లు అటు పొలానికి తీసుకుపోవాలంటే, రోడ్డు కోయకుండా ఆ ఖాళీ పైపులోంచి తన పైపు దూర్చుకోవచ్చు. ప్రతి పైపుకూ ఒక మూతి దగ్గర గుర్తుకు ఒక రాయి పాతారు.

విని నేను ఆ పిల్ల వంక మెచ్చుకోలుగా చూశాను. ఈ దేశంలో కొత్త రోడ్డును చంపేది లారీ కాదు, వాన కాదు, పైపు కోసం వేసిన మొదటి కోత. ఆ సందులోంచి నీరు దిగిందంటే చుట్టూ అంతా ఊడిపోతుంది. ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అన్నారా!

అయితే నిబంధన ఒకటుంది. పరీక్ష పూర్తయ్యేలోగా రోడ్డు మీద ఒక్క కోత పడినా మార్కులు లేవు. మార్కులు లేకపోతే ఏమిటని అడిగాను.

"నందిపేట దిక్కు రోడ్డు పాత తరీఖనే ఏస్తరు మేడం," అంది స్వప్న. "గా రోడ్డు పొంటి చింతచెట్లు ఉన్నయ్. అన్ని కొట్టేస్తరు. మా అవ్వ గా చెట్ల చింతపండు అమ్మే నన్ను సదివిచ్చింది."

అవ్వంటే ఇక్కడ అమ్మ. అంతే చెప్పి సాసర్‌లో మిగిలిన చాయ్ తాగేసింది.

బోధన్ దారి: దొరకని పైపు

మర్నాడు జీపులో బయలుదేరాం. బోధన్ దాకా పాత రోడ్డే. చెరకు ట్రాక్టర్లు మా ముందు ఏనుగుల్లా ఊగుతూ పోతున్నాయి. పిల్లలు వెనక పరిగెత్తి గడలు లాగుతున్నారు, డ్రైవర్లు చూసీ చూడనట్టు పోతున్నారు. కోతలు మాత్రం అడుగడుక్కీ ఉన్నాయి. ప్రతి కోతా ఎవరో ఒక రైతు నీళ్ల కష్టమని తెలుసు గానీ, నా నడుముకి అంత పెద్ద మనసు లేదు.

బోధన్ బయట చెరకు రసం బండి దగ్గర ఆగాం. బండి ఆవిడ "యా తాయీ, బసా" అని మరాఠీలో పిలిచి, నేను తెల్లమొహం వేయగానే కూసో అక్కా అని తెలుగులోకి దిగింది. గ్లాసు ఇరవై. అల్లం కొట్టి వేసింది. మా ఇంటి దగ్గర కొబ్బరి నీళ్లు తాగి పెరిగిన నాలుక, ఆ రసానికి అక్కడికక్కడే పార్టీ మార్చేసింది.

అక్కణ్ణుంచి కొంత దూరం వెళ్లగానే జీపు చప్పుడు తగ్గింది. కుదుపు ఆగిపోయింది. స్వప్న నా వంక చూసి గర్వంగా నవ్వింది. కొత్త రోడ్డు మొదలైంది.

పొద్దంతా పరీక్షలే. అక్కడక్కడ రోడ్డు వేడి చూశాను, పక్క కాలువల వాలు చూశాను, కొత్తగా నాటిన మొక్కల్లో బతికినవి చూశాను. కానుగ మొక్కలు బాగున్నాయి, వేప మొక్కల్ని మేకలు మేశాయి. తర్వాత ఖాళీ పైపుల వంతు. ఒక మూతిలో బిందెతో నీళ్లు పోస్తే రెండో మూతి నుంచి రావాలి. ఒక్కొక్క దాన్నుంచీ వచ్చాయి. స్వప్న మొహం వెలుగుతూ పోయింది.

ఆఖరి పైపు దొరకలేదు. నక్షాలో ఒక మలుపు దగ్గర ఉందని ఉంది. కానీ అక్కడ గుర్తు రాయి లేదు. నాందేడ్ నుంచి వచ్చిన కూలీలు వాన పడేలోగా అది పూర్తిచేసి పోయారట, ఆ వారం స్వప్న సెలవులో ఉందట. గడ్డపారతో రోడ్డు అంచునంతా పొడిచి చూశాం. మట్టి తప్ప ఏమీ తగల్లేదు. మలుపు పక్క పొలంలో దేవదానం అనే రైతు వరి గట్టు మీద నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. పొట్టకొచ్చిన వరి, నీళ్లు చాలక ఆకు చుట్టుకుపోతోంది. పైపు ఎక్కడుందో తెలుసా అని అడిగితే, తెలియదని తల అడ్డంగా ఊపుతూ ఎటో చూశాడు.

ఆ మలుపులోనే నాలుగు ఇటుకలు పేర్చిన చిన్న గూడు, అందులో పసుపు రాసిన అమ్మవారు ఉంది. ఒకావిడ అప్పుడే నీళ్లతో కడిగి బొట్లు పెడుతోంది. పేరు గంగవ్వ, ఎదుటి ఇల్లే. నన్ను చూసి బొట్టు పెట్టింది. నేనూ చెప్పులు విడిచి, పైపు దొరికేలా చూడు తల్లీ అని కళ్లు మూసుకుని దండం పెట్టాను. ఇంజనీరింగ్ చెప్పేవాళ్లు దండాలు పెట్టకూడదని ఎక్కడా లేదు.

ఒక్క పైపు దొరక్కపోతే కొన్ని మార్కులే పోతాయి, రోడ్డుకు కోత మాత్రం పడకూడదు అని స్వప్నకు సర్దిచెప్పి, సాయంత్రానికి బోధన్‌లో గదికి చేరాను.

కందకుర్తి: మా గోదావరి చిన్నప్పుడు

మూడో రోజు పొద్దున్నే కందకుర్తి. ఇది పని కాదు, నా ఆశ. గోదావరి, మంజీర కలిసే చోటు. మా ఊళ్లో గోదావరంటే అవతలి ఒడ్డు కనబడని పెద్ద మనిషి. ఇక్కడ ఆవిడ వయసు పిల్ల. నీళ్లలో సగం మునిగిన పాత శివాలయం చుట్టూ తిరిగి, మంజీరను చెయ్యి పట్టుకుని తీసుకుపోతోంది. మా అమ్మ చిన్నప్పటి ఫొటో ఎవరో చూపించినట్టుంది.

ఆ పారవశ్యంలో నాచు మెట్టు చూడలేదు. జారి, మోకాళ్ల దాకా నీళ్లలో కూలబడ్డాను. ఒక ముసలాయన చెయ్యి అందించి, కావాలని మునిగితే పుణ్యం, జారి మునిగితే సగం పుణ్యం అని నవ్వాడు. సగమైనా సరేనన్నాను. తడిచీర పిండుకుంటుంటే స్వప్న పరిగెత్తుకొచ్చింది. ఫోనులో ఎవరో చెప్పారట, మలుపు దగ్గర దేవదానం రోడ్డుకు అడ్డంగా సున్నం గీత గీసి గడ్డపార పట్టుకున్నాడని.

తడిచీరతోనే జీపెక్కాను.

మలుపు

మేం వెళ్లేసరికి ఇంకా మొదటి పోటు పడలేదు. గీత మాత్రం తెల్లగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంది. దేవదానం గడ్డపార మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అతని బోరు రోడ్డుకు ఇవతల, వరి మడి అవతల. పాత రోడ్డు కింద అతని పైపు ఉండేది. కొత్త రోడ్డు వేసేటప్పుడు దాన్ని తీసేసి, ఖాళీ పైపు పెడుతున్నాం, కావలసినప్పుడు వాడుకో అని మాటిచ్చారు. ఇన్నాళ్లూ అవతల పక్క ఉన్న ఇంకో బోరుతో నెట్టుకొచ్చాడు. ఆ బోరు ఎండిపోయింది. ఇవాళో రేపో తడి పెట్టకపోతే పొట్టలో ఉన్న గింజ తాలైపోతుంది.

నాకు ఒళ్లు మండింది. ఇంత మంచి రోడ్డుకు కోత పెడతావా, నీ కొంపేం మునిగింది, పైపు వెతికిద్దాం ఒక్క పూట ఆగలేవా అని దులిపేశాను. అతను తల వంచుకుని అంతా విన్నాడు. నా ఊపిరి అయిపోయాక నెమ్మదిగా చెప్పాడు.

"పైపు ఏడుందో నాకు ఎర్కే మేడం. గా అమ్మోరి రాయి కిందనే ఉన్నది. గని గంగవ్వక్కకు గది దేవుడు. మేం చర్చికి పొయ్యేటోళ్లం. మీ దేవుణ్ణి జరుపుమని నేనెట్ల అడుగుత? తాతల సంది ఒక్కింటోళ్ల లెక్క ఉంటున్నం. రోడ్డంటరా, సర్కార్ది. మళ్ల పోసుకుంటది."

అంటే, నిన్న నేను దండం పెట్టి పైపు చూపించమన్న అమ్మవారు, ఆ పైపు గుర్తు రాయే! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారిణి స్వప్న ఎప్పుడో ఇచ్చేసింది, దేవుడే అడ్డం కూర్చున్నాడు.

స్వప్న రోడ్డు పక్కన కూలబడింది. ఆఫీసు మనిషిగా ఒక్క మాటతో ఆ రాయి తీయించగలదు. తీయించనంది. రేపు ఈ ఊరు తన రోడ్డును తిట్టుకుంటే మార్కులెందుకని ఆమె బాధ. తీయించకపోతే గడ్డపార దిగుతుంది, ఆపితే వరి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను బయటిదాన్ని, తప్పు మాట్లాడినా సాయంత్రానికి ఊరు వదిలి పోతాను, ఆ తప్పు నాతోనే పోతుంది అనుకుని, నేనే గంగవ్వ ఇంటికి నడిచాను.

ఆమె పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతోంది. అరచేతుల మధ్య అది చంద్రుడిలా పెరుగుతోంది. నా తడిచీర చూసి ఏమీ అడక్కుండా కంచం పెట్టింది. వేడి రొట్టె, పచ్చిపులుసు. మా ఇంట పులుసంటే పొయ్యి మీద గంటసేపు మరగాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ తరిగి, కాల్చిన మిరపకాయ నలిపితే అయిపోయింది. వచ్చిన పని చెప్పే ధైర్యం లేక రెండో రొట్టె కూడా తిన్నాను. తిని, నీళ్లు తాగి, డొంకతిరుగుడుగా మొదలుపెట్టాను. దేవదానం వరి సంగతి, అతను నోరు విప్పని సంగతి, రాయి సంగతి.

గంగవ్వ పెనం మీద రొట్టె తిప్పింది. దాన్ని దించి నా వైపు తిరిగింది.

"గా రాయి పైపుకు పాతిండ్రని నాకు తెల్వదా అమ్మా? నా ముంగటనే పాతిండ్రు. పని అయిపోయిందని ఆఖరి దినం గా నాందేడోళ్లు దానికి పసుపు పూసి కొబ్బరికాయ కొట్టి పోయిండ్రు. రోడ్డు మంచిగైంది. మంచిగైనంక బండ్లు ఉరుకుడు షురువైంది. నా మనుమరాలు బడికి గా మలుపు కాడనే దాటుతది. మెల్లగ పొమ్మని బోర్డు పెట్టిండ్రు, ఎవలు సూడరు. అమ్మను సూస్తె మాత్రం లారోడైనా మెల్లగై దండం పెడ్తడు. అందుకే రోజు పసుపు పెట్టిన. ఇటుకలు పేర్చిన."

అయితే నిజంగా అమ్మవారు కాదన్నమాట అన్నాను, నా మొద్దు నోటితో. గంగవ్వకు కోపం వచ్చింది.

"కాదని ఎవలన్నరు? నా పిల్లను కాపాడుతున్నది. కాపాడేది అమ్మ గాక మరేంది?"

ఆమె చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని బయటికి నడిచింది. దారిలో ఆమె గొణిగిందంతా రాయి గురించి కాదు. ఇన్ని దినాలు పొలం ఎండుతుంటే దేవదానం తనకు ఒక్క మాట చెప్పలేదనే.

మలుపు దగ్గర అతని ముందు నిలబడి నోట్లో నాలుక లేదా తమ్మీ అని ఒక్కసారి గదిమింది. తర్వాత గూడు ముందు కూర్చుని ఇటుకలు ఒక్కొక్కటిగా తీసింది. దీపం పెట్టి, ఏదో లోపల్లోపల చెప్పుకుంది. లేచి, రెండడుగుల అవతల, మలుపులోనే, కాలితో మట్టి చదును చేసింది.

"అమ్మ నీళ్లకు అడ్డం కూసుంటదా? గీడికి జరుగుతది. బరువు నాకు లేవది. నువ్వు లేపు."

దేవదానం కదల్లేదు. తాను ముట్టుకోవచ్చా అని అడిగాడు.

"రోజు నీ బోరు నీళ్లతోనే కడుగుతున్న గా రాయిని," అంది గంగవ్వ.

అతను గడ్డపార కింద పెట్టాడు. చెప్పులు విడిచాడు. బోరు దగ్గరికి వెళ్లి చేతులు, కాళ్లు కడుక్కొచ్చాడు. వంగి రాయిని పొదివి పట్టుకుని లేపి, ఆమె చూపిన చోట నిలబెట్టాడు. నిటారుగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, చుట్టూ మట్టి కూరాడు. నాకు కళ్లు తడిశాయి. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, బాగా తడిశాయి.

రాయి లేచిన చోట చేయి లోతున పైపు మూతి దొరికింది. దానికి ఎదురుగా అవతలి అంచున అంతే లోతు తవ్వితే రెండో మూతీ బయటపడింది. తాడు కట్టి అతని పైపును లోపలికి దూర్చాం. అవతల స్వప్న లాగింది. మోటారు వేశారు. పైపు రెండుసార్లు దగ్గింది, బురద కక్కింది, ఒక కప్ప ఎగిరి గట్టు మీద పడింది, దాని వెనకే నీళ్లు. దేవదానం మడిలోకి దిగి మట్టి తీసి దారి ఇచ్చాడు. స్వప్న ఆ సున్నం గీత మీదే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది, ఎంతకీ ఆపలేదు. హమ్మయ్య అని నేను అన్న తీరుకు మా కాలేజీ భవనమైతే ప్రతిధ్వనించేది.

తిరుగు బస్సు

ఫలితం దాచిపెట్టి మిమ్మల్ని ఊరించను. ఇది రాస్తుండగానే స్వప్న ఫోన్ చేసింది. రోడ్డు నెగ్గింది. నందిపేట దారిలో చింతచెట్లు ఎక్కడివక్కడే ఉంటాయి, రోడ్డే వాటి పక్కనుంచి వంగుతుంది. వాళ్ల అవ్వ నాకు చింతపండు పంపుతోందట. వద్దనలేదు.

మార్కుల కాగితంలో వాహనాల వేగం తగ్గించే ఏర్పాటు ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఉంది, బాగా పనిచేస్తోంది అని రాశాను. ఏమిటా ఏర్పాటు అని పైవాళ్లు అడిగితే వచ్చి చూసుకోమంటాను.

ఆ సాయంత్రం మళ్లీ కందకుర్తి దాకా వెళ్లి, జీపు వద్దని అక్కణ్ణుంచి బోధన్ బస్సెక్కాను. ఆ రోడ్డు మీద మామూలు మనుషుల్లా ఒకసారి వెళ్లాలనిపించింది. కిటికీ పక్క సీటు, ఒళ్లో గంగవ్వ కట్టిచ్చిన రొట్టెలు. మలుపు రాగానే డ్రైవరు బస్సు నెమ్మది చేసి, ఒక చెయ్యి స్టీరింగ్ మీంచి తీసి కళ్లకద్దుకున్నాడు. రెండడుగులు జరిగిన సంగతి అతను గమనించినట్టు లేదు. ఒక పాప బడి సంచీ ఊపుకుంటూ, అటూ ఇటూ చూడకుండా, మా ముందు రోడ్డు దాటి గంగవ్వ ఇంట్లోకి వెళ్లింది. అవతల మడిలో నీళ్లు మెరుస్తున్నాయి.

రోడ్డు మీద దేవదానం గీసిన సున్నం గీత ఇంకా చెరగలేదు. అది ముందు చక్రాల కిందికి వస్తుంటే, అలవాటుకొద్దీ పళ్లు బిగించి, ముందు సీటు కమ్మీ రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

ఏమీ తగల్లేదు.